స్టే తీగ మీది గుడ్డు

బస్సు కోసం నిలబడినా, సందు చివర కూరగాయలు బేరం చేస్తున్నా, కరెంటు స్తంభం కనబడితే చాలు, నా తల పైకి లేస్తుంది. స్తంభాన్ని కాదు, దాని మెడ దగ్గర నుంచి ఏటవాలుగా నేలలోకి దిగే ఇనప తీగను చూస్తాను. స్తంభం ఒరిగిపోకుండా లాగి పట్టుకునే ఆ తీగను స్టే తీగ అంటారు. దాని మధ్యలో, మన చేతికి అందనంత ఎత్తులో, ముదురు గోధుమరంగు పింగాణీ గుడ్డు ఒకటి ఉండాలి. ఎప్పుడైనా పైనుంచి ఆ తీగలోకి కరెంటు దిగితే, గుడ్డు దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. కింద తీగ పట్టుకున్నవాడు బతికిపోతాడు. అంతే దాని పని. గుడ్డు ఉంటే నా దారిన నేను పోతాను. లేదంటే అక్కడే నిలబడి పళ్ళు నూరుతాను. "మళ్ళీ మొదలెట్టావా తల్లీ" అంటారు మా ఆయన.

మొదలెట్టింది నేను కాదు. ఈ జబ్బు నాకు మా ఇంటి ఓనరమ్మ అంటించింది. పోయిన నెలలో ఆవిడ కన్నుమూసింది. షుగరు ముదిరి దవాఖానలో చేరి, కోడలి చేతిలో చెయ్యి పెట్టి వెళ్ళిపోయింది. ఆ చావులో నాకు కోపం తెప్పించే విషయమేమీ లేదు. నా కోపమంతా ఆవిడ బతికినప్పటి సంగతుల మీదా, పోయాక జరిగిన ఒక్క సంగతి మీదా.

గచ్చిబౌలిలో అద్దాల మేడల వెనక పాత ఊరు ఇంకా ఇంత మిగిలి ఉంది. అందులో ఒక సందులో ఆవిడ మూడంతస్తుల ఇల్లు, ఇంటి పక్కన రేకుల కొట్టం, కొట్టంలో బర్రెలు. కిరాయిలు వచ్చే బిల్డింగులు ఇంకో రెండు ఉన్నాయి. అయినా తెల్లారేసరికి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, నోట్లో తంబాకు పెట్టుకుని, పేడకళ్ళు ఎత్తుతూ కనబడేది. పెద్ద ఒళ్ళు, వెడల్పాటి ముక్కుపుడక, సందు ఈ చివర నుంచి ఆ చివరకు వినబడే గొంతు. బర్రెలతో మాత్రం ఎంత మర్యాదగా మాట్లాడేదో! "లెవ్వు తల్లి, జర పక్కకు జరుగమ్మా" అని బతిమాలేది. మనుషులకు ఆ భాగ్యం లేదు.

మేం ఇల్లు చూడ్డానికి వెళ్ళినరోజు ఆవిడ మా ఉద్యోగాలు అడగలేదు, కులం అడగలేదు, ఎంతమందిమో కూడా అడగలేదు.

"ప్యాకెట్ పాలు తాగుతరా?" అంది.

"అవునండి, అలవాటే" అన్నాను.

"నా ఇంట్ల ఉంటె బంజెయ్యాలె. నా బర్రెల పాలే తాగాలె. ప్యాకెట్ కనబడ్డదంటె సామాన్ బయట పెడ్త. ఏ ఊరు మీది?"

"కాకినాడండి."

ఆ రోజు నుంచి నా పేరు కాకినాడ. కింది వాటాలో అద్దెకుండే కుర్రాళ్ళు నల్గొండ, ఖమ్మం. "ఓ కాకినాడా, పాలు పొంగిపోతున్నయే, చూస్కో!" అని కింద నుంచి అరిచేది. నిజంగానే పొంగిపోతూ ఉండేవి. వాసన పట్టేది కాబోలు.

నేను పనిచేసే ఆఫీసు ఆ సందుకి ఎదురుగా, రోడ్డుకి అవతల ఉన్న అద్దాల భవనంలో. ఒకసారి "నువ్వు ఏ అంతస్తుల కూసుంటవ్?" అని అడిగింది. పదకొండు అన్నాను. చేత్తో నీడ పెట్టుకుని పైకి చూసి, "మంచిగ కూసో. గాడ మాది జొన్నచేను ఉండె. మా మామ పిట్టలు కొట్టనీకి మంచె మీద కూసుంటుండె. నువ్వు ఏం కొడ్తవ్?" అంది. ఈమెయిళ్ళు కొడతానని ఏం చెబుతాను?

ఇక అసలు సంగతి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా సందు మొగలో ఉన్న స్తంభాన్ని పీకి రెండు గజాలు అవతల పాతారు. కాంట్రాక్టరు మనుషులు వచ్చారు, చకచకా పాతారు, స్టే తీగ బిగించారు, వెళ్ళిపోయారు. గుడ్డు పెట్టలేదు. మర్చిపోయారో, మిగుల్చుకున్నారో, అసలు అదొకటి ఉంటుందని తెలియదో, ఆ దేవుడికే తెలియాలి. అక్కడ గుడ్డు ఉండాలని అప్పటికి మాకెవరికీ తెలియదు. ఆ తీగ పక్కనే ఆఫీసు బస్సులు ఆగేవి. బస్సు కోసం చూసే పిల్లలు దానికి చేరగిలబడి ఫోన్లు నొక్కుకునేవాళ్ళు. బైక్ ట్యాక్సీవాళ్ళు హెల్మెట్లు తగిలించేవాళ్ళు.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున, తుంపర పడుతుండగా, ఆవిడ బర్రెల్ని తోలుకెళుతోంది. రోడ్డవతల రెండు మేడల మధ్య ఎవరో కోర్టులో తగువు పెట్టుకున్న ఖాళీ జాగా ఉంది. అక్కడ గడ్డి మొలిచేది. అన్నిటికంటే ముందు నడిచే చూడి బర్రె దురద పుట్టి, ఆ తీగకు మెడ రుద్దుకుంది. అంతే. అరవను కూడా అరవలేదు, ఉన్నచోటే కూలబడింది. పైన తీగల్ని మోసే పింగాణీ చిప్ప ఒకటి పగిలిపోయి, వాన తడికి కరెంటు ఇనప కమ్మీలోకి, దానిలోంచి స్టే తీగలోకి దిగిందట. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు. అప్పటికి ఆవిడ మిగతా బర్రెల్ని చేతి కర్రతో బాదుతూ వెనక్కి తోలుతోంది. వాటిని కొట్టగా నేను చూసింది ఆ ఒక్కసారే.

కరెంటువాళ్ళు గంటలో వచ్చారు. ఆహా, ఎంత చురుకు అనుకున్నాను. ఎందుకొచ్చారో తర్వాత అర్థమైంది. ఆ చిప్ప పగలడంతో మా ఆఫీసు భవనానికి వెళ్ళే లైను కొట్టేసింది. లైను ఆపారు, నిచ్చెన వేశారు, కొత్త చిప్ప బిగించారు, లైను ఇచ్చారు. ఓనరమ్మ బర్రె పక్కన నేల మీద కూర్చునే ఉంది. ఆ ఏరియా లైన్‌మన్ మనసున్నవాడే. వెళ్ళబోతూ ఆగి, "అమ్మా, దీని నడుమల గుడ్డు ఉండాలె. ఆళ్ళు పెట్టలే. అది ఉంటె నీ బర్రె బతుకుతుండె" అని, రోడ్డవతల ఇంకో స్తంభం తీగకు వేలాడుతున్న గుడ్డును చూపించాడు.

ఆవిడ తలెత్తి చాలాసేపు చూసింది. "మరి పెట్టరాదు? ఎక్కినవ్ గద, లైను ఆపినవ్ గద?" అంది.

"నా తాన లేదమ్మా. స్టోర్‌ల కెల్లి రావాలె. ఎస్టిమేట్ వెయ్యాలె. అది కాంట్రాక్టర్ పని."

నాకు ఈ మాట ఇప్పటికీ మింగుడు పడదు. పైన ఉండే చిప్ప లేకపోతే మేడకు కరెంటు పోతుంది, కాబట్టి గంటలో వచ్చింది. కింద ఉండే గుడ్డు లేకపోతే దారినపోయేవాడి ప్రాణం పోతుంది, కాబట్టి అది స్టోరులో ఉంటుంది. రెండూ ఒకే మట్టితో కాల్చిన పింగాణీ ముక్కలే. ఒకటి కరెంటుని కాపాడుతుంది, రెండోది మనిషిని. ఏది ముందో మన ఊళ్ళో చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు!

అక్కడి నుంచి ఆవిడ తిరగని చోటు లేదు. కరెంటు ఆఫీసుకి వెళితే కాంట్రాక్టరు దగ్గరికి పొమ్మన్నారు. కాంట్రాక్టరు పని అప్పజెప్పేశామన్నాడు. కార్పొరేషన్ వాళ్ళు స్తంభం మాది కాదన్నారు. పైగా, "ఈ ఏరియాల బర్రెలేందమ్మా, అమ్మేసుకోరాదు?" అని ఒకాయన సలహా ఇచ్చాడు. ఆ మాటకి ఆవిడ ఆయన టేబుల్ మీద చెయ్యి వేసి, "నువ్వెప్పుడొచ్చినవ్ బిడ్డా ఈ ఏరియాకు? నా బర్రెలు నీకంటే పాతయి" అని వచ్చేసింది. నేను పక్కనే ఉన్నాను. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

మా ఆఫీసు సంగతి నేను చూస్తానన్నాను. భవనం నిర్వహణ చూసే మేనేజరు దగ్గరికి వెళ్ళాను. గుడ్డు పెట్టాలంటే లైను కాసేపు ఆపాలి, ఆ లైను మనదే, మీరు ఒక మాట రాసిస్తే కరెంటువాళ్ళు కదులుతారని చెప్పాను. ఆయన కాఫీ తాగుతూ విన్నాడు.

"అది అవుట్‌సైడ్ ద గేట్ కదా మేడం. మన స్కోప్ కాదు."

"మన వాళ్ళే కదండీ అక్కడ బస్సెక్కేది?"

"వర్కింగ్ అవర్స్‌లో షట్‌డౌన్ అంటే క్లయింట్స్ ఒప్పుకోరు మేడం. ఇంతకీ మీరు ఏ టీం?"

ఏ టీమో తెలిస్తే ఏం చేస్తాడు, గుడ్డు పెడతాడా? ఒళ్ళు మండింది. ఆ మండిన ఒళ్ళుతోనే సందులోకి వచ్చి జరిగింది చెబితే, ఓనరమ్మ నన్నే ఓదార్చింది. "ఫికర్ చెయ్యకు కాకినాడా. ఆళ్ళు పెట్టేదాంక నేనే ఆడ కూసుంట."

అన్నంత పనీ చేసింది. స్టే తీగకి నాలుగడుగుల దూరంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పొడుగాటి వెదురు కర్ర పట్టుకుని కూర్చునేది. పొద్దున ఆఫీసులకు వెళ్ళే వేళ, సాయంత్రం వచ్చే వేళ. ఎవరి చెయ్యి తీగ వైపు వెళ్ళినా కర్ర లేచేది.

"ఏయ్! సావాలని ఉందా? దూరం జరుగు!"

"ఓ కళ్ళజోడు పిల్లా, మీ అమ్మ నిన్ను గందుకే కన్నదా? ఇవతలికి రా!"

"హెల్మెట్ తియ్యిరా. నెత్తి మీద పెట్టుకునేది తీగకు పెడ్తవేంది!"

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లలకి ఏం వినబడుతుంది? కర్ర చూసి బెదిరేవాళ్ళు. కొందరు వీడియోలు తీశారు. 'గచ్చిబౌలి కర్ర ఆంటీ' అని మా ఆఫీసు గ్రూపులో ఒకడు పెట్టాడు, కింద నవ్వే బొమ్మలు. నేను పెద్ద మెసేజ్ రాశాను, గుడ్డు గురించీ బర్రె గురించీ. దాని కింద ఒక్క బొటనవేలు బొమ్మ వచ్చింది, అదీ మా టీమ్‌లో అమ్మాయిది. ఆవిడ కాపాడుతున్నది తమ ప్రాణాలనేనని ఒక్కడికీ తట్టలేదే!

తుమ్మ కంప తెచ్చి తీగ చుట్టూ వేస్తే, రోడ్డు అందం చెడిందని ఊడ్చే బండివాళ్ళు ఎత్తుకుపోయారు. అట్ట మీద రాయించి పెడితే గాలికి పోయింది. ఏడాది గడిచి మళ్ళీ వానలు పడ్డాక, చివరికి ఆవిడకు ఒక ఆలోచన వచ్చింది. "లారీల సలాకలు బయటికొస్తె ఎర్రబట్ట కడ్తరు సూడు. గట్ల కడ్త. ఎర్రది చూస్తె ఎవడన్న దూరం పోతడు" అని, తన పాత చీర అంచు చింపి, వెదురు కర్ర ఒకటి తీగ పక్కన పాతి దానికి కట్టింది. నాకూ బాగానే ఉందనిపించింది.

ఆషాఢ మాసం. ఊరంతా బోనాల సందడి. రెండో రోజుకి ఆ కర్రకి ఎవరో పసుపు రాశారు. ఓనరమ్మ కడిగేసింది. మర్నాడు పసుపుతో పాటు కుంకుమ బొట్లు, వేపమండలు. ఇంకో రోజు నిమ్మకాయలు. ఆ వారం చివరికి నేను ఆఫీసు నుంచి వస్తూ చూసేసరికి కొబ్బరికాయ చెక్కలు, అగరొత్తులు, ముగ్గు! ఎవడో పుణ్యాత్ముడు 'స్తంభం మైసమ్మ' అని కూడా పేరు పెట్టేశాడు. ఇంటర్వ్యూలకు వెళ్ళే పిల్లలు బైకులు ఆపి మరీ దండం పెట్టుకుంటున్నారు. దండం పెట్టి ఊరుకోరు కదా. ముందు ఎర్రబట్టను ముట్టుకుని, తర్వాత ఆ పక్కన ఉన్న తీగను ముట్టుకుని, వేళ్ళు కళ్ళకద్దుకుంటున్నారు!

ఆవిడ కర్ర పట్టుకుని గంతులు వేసింది. "ఒరేయ్, అమ్మవారు కాదురా, కరెంటు! ముట్టకురి! నీ కాల్మొక్త, ముట్టకురా!" అని గొంతు పోయేలా అరిచింది. జనం ఆవిడకే పూనకం వచ్చిందనుకున్నారు. ఒకామె ముందుకొచ్చి, "తల్లీ, నా కొడుక్కి ఎప్పుడొస్తది నౌకరి?" అని అడిగింది. ఓనరమ్మ నా వైపు తిరిగి, "కాకినాడా, ఈళ్ళకు ఎట్ల చెప్పాలె?" అంది. ఆవిడ గొంతు అంత నీరసంగా ఉండగా నేనెప్పుడూ వినలేదు. బట్ట పీకేద్దామంటే జనం పీకనివ్వరు, ఉంచితే ఇంకా ముట్టుకుంటారు. మూడు ఆఫీసుల చుట్టూ తిరిగిన కాళ్ళు, రెండు వానాకాలాలు అరిచిన గొంతు, అన్నీ కలిపి ప్రమాదాన్ని ఇంకాస్త దగ్గరికి తెచ్చిపెట్టాయి.

అప్పుడు కదిలారు పెద్దలు! రోడ్డు మీద గుడి లేస్తోందని, బస్సులు ఆగడానికి అడ్డమని మా భవనం మేనేజరే ఫిర్యాదు చేశాడట. గేటుకి బయటిది తన స్కోప్ కాదన్న మహానుభావుడే. ఫిర్యాదు చేసిన పూటే ఒక ఎస్సై, కార్పొరేషన్ ఆఫీసరు, కరెంటు ఆఫీసు ఏఈ, వాళ్ళ వెనక ఓ జీపు మనుషులు దిగారు. బర్రె చచ్చిన రోజు వీళ్ళలో ఒక్కడైనా మొహం చూపించాడా? లేదు. మైసమ్మ అనేసరికి అందరికీ దారి తెలిసింది.

ఓనరమ్మ కుర్చీ తెచ్చి తీగకీ వాళ్ళకీ మధ్యలో వేసుకుని కూర్చుంది.

"బట్ట తీసెయ్యమ్మా. రోడ్డు మీద గుడి కట్టొద్దు" అన్నాడు కార్పొరేషన్ ఆఫీసరు.

"నేను గుడి అన్ననా? అమ్మవారు అన్ననా? ప్రమాదం అని కట్టిన. మీరు గుడ్డు పెట్టురి, నేను బట్ట తీస్త."

"స్టాక్ రావాలమ్మా, ఎస్టిమేట్..." అని ఏఈ మొదలుపెట్టాడు.

"మంచిది సారు. వచ్చేదాంక బట్ట ఉంటది. జనం వస్తనే ఉంటరు."

చుట్టూ చేరిన జనాన్ని చూసి ఎస్సై ఏఈని పక్కకు లాగాడు. "పెట్టేయండి సార్. ఆదివారం దాకా ఆగితే ఇక్కడ పందిరి లేస్తుంది, నా వల్ల కాదు" అని గొణగడం నాకు వినబడింది. ఏఈ ఫోన్ చేశాడు. స్టోరులో లేని గుడ్డు మధ్యాహ్నానికి జీపులో వచ్చింది! ఎక్కడిది ఇది? ఇన్నాళ్ళూ ఎవరి ఒళ్ళో పొదుగుతోంది?

బిగించే ముందు ఓనరమ్మ లైన్‌మన్‌ని ఆపింది. "ఒక్కసారి నా చేతిల పెట్టు" అంది. అతను గుడ్డును ఆవిడ అరచేతిలో పెట్టాడు. రెండు బొక్కలున్న గోధుమరంగు పింగాణీ ముక్క. నిమ్మకాయ పచ్చడి జాడీ మూత కంటే బరువుండదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గింతేనా?" అంది. "గింత దానికోసమా నా బర్రె పాయె?"

అప్పుడు ఏడ్చింది. బర్రె పోయిన రోజు కూడా ఏడవని మనిషి, నడిరోడ్డు మీద, ఆ గుడ్డు పట్టుకుని ఏడ్చింది. నాకూ ఆగలేదు. ఎస్సై టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఏఈ మాత్రం ఫోన్ చూసుకుంటున్నాడు. లైను ఆపి, తీగ వదులు చేసి, గుడ్డు పెట్టి బిగించడానికి మేం చాయ్ తెప్పించుకుని తాగినంత సేపు పట్టింది. లైను ఆపితే మునిగిపోతుందన్న మా ఆఫీసులో లైట్లు ఒకసారి రెప్ప కొట్టి వెలిగాయట, ఎవరూ తలెత్తను కూడా లేదట. ఓనరమ్మ తన చేత్తోనే ఎర్రబట్ట విప్పింది. విప్పేముందు దానికి దండం పెట్టుకుంది. "ఎందుకు పెద్దమ్మగారూ, అమ్మవారు కాదన్నారు కదా" అంటే, "మనం చెప్తె ఇన్లేరు. ఆమె చెప్తె ఇన్నరు గద" అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఆ తర్వాత ఆవిడకు అదే పని. ఓసారి బోరబండలో ఉన్న కూతురి ఇంటికి నన్ను వెంటపెట్టుకుని ఆటోలో బయలుదేరింది. దారి పొడుగునా తల బయట పెట్టి స్తంభాలు చూడ్డమే. గుడ్డు లేనిది కనబడితే డ్రైవరు భుజం మీద ఒక్కటి చరిచేది. "ఆపు! కాకినాడా, ఫొటో దియ్యి." డ్రైవరు పరేషాన్. బోరబండ చేరేసరికి అతనే "అమ్మా, గాడ ఇంకోదానికి లేదు సూడు" అని చూపించడం మొదలుపెట్టాడు. ఆ ఫొటోలన్నీ నేను కరెంటు ఆఫీసుకి పంపాను. 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది' అని జవాబు వచ్చింది. వెళ్ళి చూస్తే ఏ తీగ ఆ తీగే. ఎవడు పరిష్కరించాడో నాకు ఒక్కసారి చూపించండి, చాలు!

ఇప్పుడు ఆవిడ పోయాక జరిగిన సంగతి.

దశదినకర్మ రోజు పొద్దున నేను పాలగిన్నె పట్టుకుని కిందికి దిగాను. సన్నగా తుంపర. సందు మొగలో మనిషికి రెండింతల ఎత్తున ఫ్లెక్సీ నిలబెట్టారు. ఆవిడ కొడుకు ఈ మధ్య ఒక లీడరు వెనక తిరుగుతున్నాడు. అందుకని ఫ్లెక్సీ నిండా ఆ లీడరు, నల్లద్దాలు పెట్టుకుని చేతులు జోడించి. ఆయన కింద వరసలు వరసలుగా అనుచరులు, వాళ్ళలో కొడుకు. ఓ మూల, ఆధార్ కార్డులో ఉండే బెదిరిపోయిన మొహంతో, మా ఓనరమ్మ. ఆవిడ మొహం కంటే లీడరు మీసం పెద్దది. సరే, ఈ రోజుల్లో ఇంతే అనుకున్నాను. తర్వాత తల పైకి లేచింది.

ఫ్లెక్సీ ఇనప ఫ్రేముని స్టే తీగకే కట్టారు. గుడ్డుకి పైన ఒక కట్టు, గుడ్డుకి కింద ఒక కట్టు, రెండూ ఇనప తీగతో. అంటే పైనుంచి కరెంటు దిగితే ఇక గుడ్డు దగ్గర ఆగక్కరలేదు, ఫ్రేము మీదుగా దర్జాగా కిందికి రావచ్చు. ఆవిడ ఏడ్చి పెట్టించుకున్న గుడ్డు ఆ లీడరు బొమ్మ వెనక ఉండీ లేనట్టయింది. ఆ ఫ్రేముకి చెయ్యి ఆనించి ఒకడు ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"దూరం జరగండి!" అని అరిచాను. అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

కొడుకుని పిలిచి చెప్పాను. "తెలుసక్కా" అన్నాడు. తెలుసట! "అన్న వచ్చి ఫొటో దిగి పోయేదాంక ఉండనీ. సాయంత్రం నేనే తీస్త. అమ్మ మీద ప్రేమతోనే కదా కట్టినం."

"మీ అమ్మ మీద ప్రేమా? మీ అమ్మ దీనికోసమే కదయ్యా ఎండలో కూర్చుంది, అందరి చేతా నవ్వించుకుంది! ఆవిడ ఫొటో పెట్టి ఆవిడ పెట్టించిన గుడ్డునే పనికిరాకుండా చేస్తావా? సిగ్గు లేదూ!" నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. అనుచరుల్లో ఒకడు ముందుకొచ్చి, "కిరాయికి ఉండేటామెవు, నీకేం పని మేడం? మీది ఏ ఊరు?" అన్నాడు. నేను అప్పటికే లైన్‌మన్‌కి ఫోన్ చేశాను. అతను వచ్చాడు, చూశాడు, తల పట్టుకున్నాడు. కానీ లీడరు ఫ్లెక్సీ ముట్టుకోవడానికి జంకి, కొడుకు మొహం కేసి చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు కొట్టంలోంచి కోడలు వచ్చింది. ఇన్నేళ్ళలో ఆ అమ్మాయి గొంతు నేను సరిగ్గా విన్నది లేదు. అత్తగారి అరుపుల మధ్య ఈమె మాటకి చోటుండేది కాదు. పాలు పితికిన చేతులు చీరకి తుడుచుకుంటూ తిన్నగా లైన్‌మన్ దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, లైను ఆపిపియ్యి."

అతను మళ్ళీ కొడుకు వైపు చూశాడు.

"ఆయనను చూడకు, నన్ను చూడు. మా అత్త నోట్లె ఆఖరుకు నీళ్ళు పోసింది నేను. నేను చెప్తున్న. లైను ఆపు."

కొడుకు ఏదో అనబోయాడు. ఆమె తల తిప్పి ఒక్క చూపు చూసింది. అతను చెప్పులు చూసుకున్నాడు. లైను ఆగింది. రోడ్డవతల మా ఆఫీసు జనరేటర్లు గుర్రుమన్నాయి. లైన్‌మన్ కట్లు కత్తిరించాడు, ఫ్లెక్సీ నేల మీదికి దిగింది. ఇంతకీ ఆ లీడరు రానే లేదు. ఇంకో ఏరియాలో ఇంకో చావుకి వెళ్ళాడట.

కోడలు లోపలికి వెళ్ళి గడ్డి కోసే కొడవలి తెచ్చింది. నేల మీద కూర్చుని, ఓ మూలనున్న అత్తగారి బొమ్మను చుట్టూ జాగ్రత్తగా కోసి, పైటతో తుడిచి, చంకలో పెట్టుకుంది.

"మరి మిగిలింది?" అన్నాడు కొడుకు నెమ్మదిగా.

"కొట్టం కురుస్తుంది" అంది.

ఆమే నిచ్చెన వేసుకుని ఎక్కి ఆ ఫ్లెక్సీని రేకుల మీద పరిచి, అంచుల మీద ఇటుకలు పెట్టింది. నేను కింద నుంచి ఇటుకలు అందించాను. మధ్యాహ్నానికి వాన జోరందుకుంది. నేను మా బాల్కనీలోంచి చూస్తే లీడరూ, ఆయన కింద వరసలన్నీ మీసాలతో సహా ముద్దగా తడుస్తున్నారు. కింద బర్రెలు పొడి నేల మీద నిలబడి గడ్డి నములుతున్నాయి. ఆయన మా సందుకి చేసిన మేలు నాకు తెలిసి అదొక్కటే.